ఆ బీరువా తాళం ఈ వారమే తీయండి

మన కళాశాలల్లో వందేళ్లు దాటినవి కొన్ని ఉన్నాయి. వాటి గ్రంథాలయాల్లో మెట్ల కిందో, రీడింగ్ రూమ్ వెనకో తాళం వేసిన బీరువా ఒకటి ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఎప్పుడో రిటైరైన లైబ్రేరియన్ గారి పేరు చెబుతారు. లోపల ఏముందని అడిగితే "పాత పుస్తకాలండీ, తాటాకులు కూడా ఉన్నట్టున్నాయి" అంటారు. ఆ "ఉన్నట్టున్నాయి" అన్న మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది. ఏముందో తెలియని సొత్తు పోయినా ఎవరికీ తెలియదు. పోతోంది కూడా.

ఇప్పుడే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాత కళాశాలలు వేగంగా మారిపోతున్నాయి. చాలాచోట్ల లైబ్రేరియన్ రిటైరైతే ఆ కుర్చీలోకి మరొకరు రావడం లేదు. తెలుగో కామర్సో చెప్పుకునే లెక్చరర్‌కి "ఇన్‌చార్జి" అని ఒక కాగితం ఇచ్చి ఊరుకుంటున్నారు. పెంకుటిళ్ల నాటి గదులు కూల్చి కొత్త బ్లాకు కడుతున్నారు. పుస్తకాల గదిలో కంప్యూటర్లు పెట్టాలి. కళాశాలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేలోపు రంగులు పూర్తి కావాలి. వీటిలో ఏదీ తప్పు పని కాదు. కానీ ప్రతి పనికీ ముందు ఆ బీరువా జరపాలి. ఎక్కడికి జరపాలో తెలియక వరండాలో పెడతారు. వరండాలో పెట్టినవాటిని పాత పేపర్ల వాడు కాటాకెత్తడానికి ఒక్క పూట చాలు.

కొన్నేళ్ల కిందట కోస్తా జిల్లాలోని ఒక పాత కళాశాలకు వెళ్లాను. పేరు చెప్పను. స్వాతంత్ర్యానికి ముందు అక్కడి విద్యార్థులు వేసిన పత్రిక సంచిక ఒకటి కావలసి వెళ్లాను. సెలవులు. వరండా నిండా జవాబు పత్రాల కట్టలు, విరిగిన బల్లలు, అట్టలు ఊడిన గైడ్లు. అటెండరు ఒక్కొక్క కట్టా మోసుకొచ్చి కాటా మీద పెడుతున్నాడు. ఆ కుప్పలో ఎర్రగుడ్డ కొస కనిపించింది. లాగి చూస్తే తాటాకు కట్ట. పైబద్ద ఉంది, కింది బద్ద లేదు. దారం ఎప్పుడో తెగిపోతే ఎవరో నైలాన్ తాడు దూర్చి బిగించారు. ఆ బిగింపుకి రంధ్రాల దగ్గర కమ్మలు చీలిపోయాయి.

ఒక కమ్మ తీసి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. ఘంటంతో గీసిన అక్షరాలకు మసి పూయలేదు. నేరుగా చూస్తే ఖాళీ ఆకులా ఉంది. పక్కనుంచి వెలుగు పడేసరికి వరుసలకు వరుసలు పైకి తేలాయి. భాగవతంలో ఒక భాగం. చివరి కమ్మ మీద సంవత్సరం పేరు, మాసం, తిథి, ఊరి పేరు, రాసినవారి పేరు. మన పాత లేఖకులకు ఒక ఆనవాయితీ ఉండేది. గ్రంథం రాసి ముగించాక, నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి నన్ను కాపాడండని పుస్తకమే వేడుకుంటున్నట్టు ఒక శ్లోకం చేర్చేవారు. ఆ కట్టలోనూ ఉంది. తూకానికి అమ్మేస్తారని మాత్రం ఆ రాసినాయన ఊహించి ఉండడు.

ప్రిన్సిపాల్ మంచివారు. నేను చూపిస్తే నిజంగా నొచ్చుకున్నారు. "భాగవతం అచ్చులో దొరుకుతుంది కదండీ, దీన్ని ప్రత్యేకంగా ఉంచాలని నాకెవరు చెప్పారు? రిజిస్టర్‌లో దీనికి నంబరే లేదు" అన్నారు. నిజమే, లేదు. ఏ పండితుడో కన్నుమూశాక ఆయన పిల్లలు తెచ్చి కళాశాలకు ఇచ్చి ఉంటారు. పుచ్చుకున్నవారు దండం పెట్టి బీరువాలో పెట్టారు. పుస్తకంలో ఎక్కించలేదు. అందువల్ల లెక్కప్రకారం ఆ కట్ట అక్కడికి రానేలేదు. రాని వస్తువు పోయిందని ఎవరు ఫిర్యాదు చేస్తారు?

అచ్చులో దొరుకుతుంది కదా అన్న మాటకు జవాబు చెప్పి తీరాలి. కట్టలు బయటికి పోతున్నది ఎక్కువగా ఆ మాట చాటునే. అచ్చు పుస్తకం వెయ్యి ప్రతులు ఒకేలా ఉంటాయి. చేతిరాత ప్రతులు ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక ఊరి ప్రతిలో ఉన్న పద్యం మరో ఊరి ప్రతిలో ఉండదు. ఒక మాట ఇక్కడొకలా, అక్కడొకలా ఉంటుంది. ఈ పాఠాంతరాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తేగానీ కవి రాసిందేదో, తర్వాతివాళ్లు చేర్చిందేదో తేలదు. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితులను, లేఖకులను జీతాలిచ్చి కూర్చోబెట్టి చేయించిన పని ఇదే. ఊరూరా ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, సరిచూసి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన కూడబెట్టినవి ఈనాడు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అదే చోట కల్నల్ మెకంజీ సేకరణలో పెద్ద భాగం కూడా ఉంది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్లు తిరిగి సంపాదించినవి ఆ సేకరణలోవే.

ఒక్క కట్ట మీద ఒక కవి మొత్తం ఆధారపడి ఉండటం కూడా మనం చూశాం. నన్నెచోడుడనే కవి ఉన్నాడని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగువారికి తెలియదు. మానవల్లి రామకృష్ణ కవి తంజావూరు గ్రంథాలయంలో తాళపత్రం చూసి 1909లో కుమారసంభవం అచ్చు వేయించాకే తెలిసింది. కౌటిల్యుని అర్థశాస్త్రం మాట కూడా అంతే. ఒక పండితుడు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఇచ్చి వెళ్లిన కట్టలోంచి శామశాస్త్రి దాన్ని బయటికి తీశారు. అదీ అచ్చయింది 1909లోనే. ఆ రెండు గ్రంథాలయాల్లో ఎవరైనా ఆ కట్టలను "పనికిరానివి" కింద రాసి ఉంటే ఏమయ్యేదో ఒక్క నిమిషం ఆలోచించండి. ఈ ఆలోచన నన్ను చాలా రాత్రులు వెంటాడింది.

తాటాకులే కాదు, అచ్చు పుస్తకాల మాట ఇంకా తొందరది. చాలామంది ఆకు పెళుసు, కాగితం గట్టిది అనుకుంటారు. వ్యవహారం తలకిందులుగా ఉంది. సరిగా చూసుకున్న తాటాకు మూడు నాలుగు వందల ఏళ్లు నిలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి చెక్క గుజ్జుతో చేసిన కాగితం వచ్చింది. దానిలోని ఆమ్లమే దాన్ని లోపలి నుంచి తింటుంది. మొదట అంచులు గోధుమరంగు తేలతాయి. తర్వాత మూల మడిస్తే విరుగుతుంది. చివరికి పుట తిప్పితే వేళ్లకు పొడి అంటుతుంది. మన తొలి నవలలు, నాటకాలు, వార్తాపత్రికలు, వావిళ్లవారి తొలినాటి ముద్రణలు, భారతి సంపుటాలు చాలావరకు ఈ కాలంవే. చెదలూ రామబాణం పురుగూ తినగా మిగిలినవి కూడా అటకల మీద తమంతట తామే పొడి అయిపోతున్నాయి.

పాత కళాశాలల బీరువాల్లో ఇవి ఉండటం కాకతాళీయం కాదు. వీరేశలింగం రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు చెప్పారు. గురజాడ విజయనగరం మహారాజావారి కళాశాలలో పాఠాలు చెప్పారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేశారు. ఆధునిక తెలుగు వచనం పుట్టిన గదులు ఇవి. ఆ తరం అధ్యాపకులు, విద్యార్థులు చదివిన పుస్తకాలు, వాటి అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న మాటలు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరూ పూర్తిగా వెతకలేదు. అదే పుస్తకం మరోచోట శుభ్రంగా దొరికినా, అంచున ఆ రాత ఉన్న ప్రతి మాత్రం ఒక్కటే.

ఇక ధర సంగతి. ఈ మొత్తం నష్టానికి నా దృష్టిలో అసలు ద్వారం ఇదే. అక్సెషన్ రిజిస్టర్ తెరిచి చూడండి. ఆ నాటి పుస్తకం ఎదురుగా ధర గడిలో అణాలు, పైసలు ఉంటాయి. ఎనిమిదణాలకు కొన్న పుస్తకం ఎప్పటికీ ఎనిమిదణాల పుస్తకంగానే ఉండిపోతుంది. స్టాక్ వెరిఫికేషన్‌లో అది కనిపించకపోతే, ఆడిటర్ కళ్లకు పోయినది అర్ధరూపాయి. రైటాఫ్ చేయడానికి ఒక్క సంతకం చాలు. దానం వచ్చినవాటికి ఆ గడిలో సున్నా. సున్నా రూపాయల సొత్తు మాయమైతే సంతకం కూడా అడగరు.

అయితే నియమాలు అలా చెప్పడం లేదు. కేంద్ర ప్రభుత్వం 2017లో సవరించిన సాధారణ ఆర్థిక నియమావళిలో గ్రంథాలయాలకు ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమని అది ఒప్పుకుంటుంది, మోసమో నిర్లక్ష్యమో లేకపోతేనే. కానీ అరుదైన పుస్తకం పోతే, దాని ధర ఎంతైనా సరే, విచారణ జరిపి తీరాలంటుంది. "ధర ఎంతైనా సరే" అన్నదే ఇక్కడ పట్టుకోవలసిన మాట. ఇరవై వేల పుస్తకాల లోపున్న గ్రంథాలయం ఏటా పూర్తిగా లెక్క చూసుకోవాలనీ, యాభై వేల వరకు ఉంటే మూడేళ్లకోసారైనా చూడాలనీ అదే నియమం చెబుతోంది. ఇది కేంద్ర సంస్థల కోసం రాసినదే అయినా, మన రాష్ట్రాల్లో ఏ ప్రిన్సిపాలైనా ఏ మేనేజ్‌మెంటైనా దీన్ని తమ కళాశాలకు కొలబద్దగా పెట్టుకోవచ్చు. అడ్డుచెప్పేవారు ఎవరూ లేరు.

లెక్క చూడకపోతే ఏమవుతుందో అమెరికాలోని పిట్స్‌బర్గ్ కార్నెగీ గ్రంథాలయం నేర్చుకుంది. అక్కడి అరుదైన పుస్తకాల గదికి 1991లో లెక్క కట్టారు. మళ్లీ లెక్కకు కూర్చున్నది 2017లో. మధ్యలో ఇరవై ఆరేళ్లు. తీరా చూస్తే మూడు వందలకు పైగా పుస్తకాలు, పటాలు లేవు, కొన్నింటిలోంచి బొమ్మల పుటలు కోసేసి ఉన్నాయి. నష్టం దాదాపు 80 లక్షల డాలర్లు. పట్టుకుపోయింది బయటి దొంగ కాదు. ఆ గది తాళం ఎవరి చేతిలో ఉందో ఆయనే, ఒక పుస్తక వ్యాపారితో కలిసి. కెమెరాలు, ప్రత్యేకమైన గది, అనుమతి చీటీలు ఉన్న చోట ఇలా జరిగితే, తాళంచెవి ఎక్కడుందో తెలియని మన బీరువాల మాటేమిటి? మన లైబ్రేరియన్లను అనుమానించమని కాదు నా ఉద్దేశం. వాళ్లలో ఎందరో జీతం రాని నెలల్లో కూడా చెదలమందు తమ డబ్బుతో కొన్నారు. రిజిస్టర్ సరిగా ఉంటే మొదట కాపాడేది వాళ్లనే.

మరో ప్రమాదం మర్యాదగా తలుపు తట్టి వస్తుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞానభారతం మిషన్ ప్రకటించారు. విద్యాసంస్థల్లో, మ్యూజియంలలో, గ్రంథాలయాల్లో, ఇళ్లలో ఉన్న కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, కాపాడాలన్నది లక్ష్యం. ఎంతో మంచి పని. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ తర్వాత ఇంత పెద్ద అవకాశం రాలేదు. కానీ తాళపత్రాలకు విలువ ఉందని ఊరంతా తెలిసినప్పుడు, అసలువాళ్లతో పాటు మరొకరు కూడా వస్తారు. "స్కాన్ చేసి వారంలో తెచ్చిస్తాం సార్" అంటారు. మెడలో ఐడీ కార్డు ఉంటుంది. చేతిలో ఏదో సంస్థ లెటర్‌హెడ్ ఉంటుంది. ఎవరికీ, ఏ కారణంతోనూ, మూలప్రతిని గడప దాటనివ్వకండి. స్కానింగ్ చేసేవారు యంత్రం తెచ్చుకుని మీ గదిలోనే చేయాలి. తప్పనిసరై పంపవలసి వస్తే పాలకవర్గం తీర్మానం కావాలి, కమ్మల సంఖ్య రాసిన రసీదు కావాలి, మొదటి, చివరి కమ్మల ఫొటోలు మీ దగ్గర ఉండాలి. డెబ్బై అయిదేళ్లు దాటిన, చారిత్రక, సాహిత్య, శాస్త్ర విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. మూడేళ్ల వరకు జైలు. కొనడానికి వచ్చేవారికి ఈ సంగతి ముఖాన చెప్పండి.

స్కాన్ అయిపోయింది కదా, ఇక మూలం దేనికి అనేవారు కూడా తయారయ్యారు. ఈ మాట విద్యావంతుల నోట విన్నప్పుడు బాధ రెట్టింపవుతుంది. భారత డిజిటల్ లైబ్రరీ పేరుతో మన కళ్ల ముందే లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద భాగం తీసుకుంది. ఎంత మేలు జరిగిందో పరిశోధకులందరికీ తెలుసు. పుటలు తప్పిపోవడం, వేళ్ల నీడలు పడటం, పుస్తకం పేరొకటైతే ఫైలు పేరు ఇంకొకటి కావడం కూడా తెలుసు. కొన్నేళ్లకు ఆ వెబ్‌సైటే మూతపడింది. వేరేచోట ఎవరో దాచిపెట్టబట్టి చాలా ఫైళ్లు బతికాయి. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. డిజిటల్ రాతప్రతులు నెలల తరబడి ఎవరికీ అందలేదు. అల్మారాల్లోని పుస్తకాలు మాత్రం చెక్కుచెదరలేదు. స్కాన్ చేయండి, తప్పకుండా చేయండి. స్కాన్ అయిన మర్నాడు మూలానికి తాళం ఇంకా గట్టిగా వేయండి.

ప్రేమతో చేసే హాని సంగతి కూడా చెప్పాలి. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటిస్తారు. పదేళ్లలో ఆ జిగురు పసుపురంగు తిరిగి అక్షరాలను మింగుతుంది, పీకితే అక్షరాలతో సహా వస్తుంది. తాటాకులను ఐడీ కార్డుల్లా లామినేషన్ చేయించిన చోట్లు ఉన్నాయి. ఆ వేడికి, ఆ ప్లాస్టిక్కుకు ఆకు లోపలే ఉడికిపోయినట్టవుతుంది, మళ్లీ బయటికి తీయలేం. ప్రదర్శన కోసం గాజు పెట్టెలో పెట్టి కిటికీ పక్కన ఎండలో ఉంచుతారు. న్యాక్ బృందం వచ్చి వెళ్లాక కూడా అవి అక్కడే ఉంటాయి. వాన నీరు పడితే మైదానంలో ఎండబెడతారు. తాటాకును ఎండలో పెడితే కొంకర్లు పోతుంది. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది కాబట్టి తొందర అవసరమే, కానీ నీడలో, ఫ్యాను గాలికి, అంటుకున్నవాటిని బలవంతంగా విప్పకుండా ఆరబెట్టాలి. నిమ్మగడ్డి నూనె తాటాకుకు మంచిదే. అయితే ఏ కట్టకు ఎంత పూయాలో తెలిసినవారి చేత పూయించండి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, హైదరాబాద్‌లో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. అడిగితే చెప్పేవారు అక్కడ ఉన్నారు.

నిప్పు సంగతి ఒక్క ముక్కలో. 2021 ఏప్రిల్ 18న కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో కొండ మీది కార్చిచ్చు జాగర్ గ్రంథాలయాన్ని కాల్చేసింది. చదువుకునే హాలు బూడిదైంది. అగ్నినిరోధక తలుపులు మూసుకోబట్టి నేలమాళిగలోని సేకరణలు చాలావరకు దక్కాయి, అవి కూడా నీళ్లలో తడిసి. మీ బీరువా పైన కరెంటు బోర్డు ఉందేమో, గోడ మీద పాత వైరు వేలాడుతోందేమో ఇవాళే చూడండి.

ఇప్పుడు పని. దీనికి గ్రాంటు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. తాళంచెవి దొరకకపోతే తాళం పగలగొట్టండి, కానీ ప్రిన్సిపాల్, లైబ్రేరియన్, తెలుగు లెక్చరర్, కళాశాలలోనే చదివిన ఒక పెద్దమనిషి, నలుగురూ ఎదురుగా ఉండగా. ఒక కొత్త రిజిస్టర్ కొనండి. కనిపించిన ప్రతి కట్టకూ ఒక నంబరు. పేరు తెలియకపోయినా పర్వాలేదు, "పేరు తెలియని తాటాకు కట్ట, 112 కమ్మలు, ఒక బద్ద" అని రాసినా అది ఈ భూమి మీద ఉన్నట్టు లెక్క. నంబరును ఆకు మీద సిరాతో రాయకండి, గుడ్డకు కట్టిన చీటీ మీద రాయండి. మొదటి, చివరి కమ్మలకు ఫోనుతో, పక్కనుంచి వెలుతురు పడేలా, ఫ్లాష్ వేయకుండా ఫొటో తీయండి. 1900కు ముందు అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ, తెలుగులో 1950 లోపు వాటినీ ధర గడి చూడకుండా "అరుదైనవి" కింద చేర్చండి. ఆ రిజిస్టర్ పుటలకు నకళ్లు తీసి ఒకటి ప్రిన్సిపాల్ గదిలో, మరొకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంచండి. ఇద్దరు మనుషులు కూర్చుంటే నాలుగు రోజుల పని. అది పూర్తయ్యేదాకా గ్రంథాలయం నుంచి ఒక్క కిలో కాగితం కూడా తూకానికి పోకూడదని ఇవాళే సర్క్యులర్ ఇవ్వండి.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. మీరు అమెరికాలో ఉన్నా అనకాపల్లిలో ఉన్నా, మీ కళాశాలకు ఫోన్ చేసి ఆ బీరువా గురించి అడగండి. వార్షికోత్సవానికి షామియానా డబ్బు పంపేవారు ఈసారి నాలుగు ఉక్కు అల్మారాలు పంపండి.

మరో మాట, కొంచెం కష్టమైనది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచిన పుస్తకాల్లో కళాశాలల ముద్రలున్నవి నేనూ చూశాను, కొన్నాను కూడా. మనలో చాలామంది ఇళ్లలో అలాంటివి ఉన్నాయి. ఎప్పుడో తెచ్చి తిరిగి ఇవ్వనివి ఉన్నాయి, రిటైరైన మాస్టారి అటక మీద "ఇంట్లో అయితే భద్రంగా ఉంటుంది" అనుకుని తెచ్చిన కట్టలు ఉన్నాయి. ప్రతి పాత కళాశాల ఒక నెల గడువు పెట్టి, తలుపు దగ్గర ఒక బల్ల వేసి, ఎవరు తెచ్చినా పేరు అడగకుండా, ప్రశ్న వేయకుండా పుచ్చుకోవాలి. నా దగ్గర ఉన్న మూడు పుస్తకాలకూ అట్ట వేసి ఉంచాను. ఒకదాని మీద కళాశాల గుండ్రటి ముద్ర, దాని కింద ఎర్ర సిరాతో అక్సెషన్ నంబరు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. బల్ల వేసిన రోజున తెచ్చి ఇస్తాను.